బీర్పూర్ సందుగలో వెండి

పాత నగలు ఎక్కడ దొరుకుతాయని హైదరాబాద్‌లో ఎవరినైనా అడగండి. చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్ పేరు చెప్తారు, లేదంటే గురువారాలు జరిగే జుమ్మెరాత్ బజార్ పేరు చెప్తారు. ఇక ఇన్‌స్టా తెరిస్తే ‘వింటేజ్’, ‘ట్రైబల్ సిల్వర్’ అంటూ అమ్మే పేజీలు బోలెడు. వారమంతా కోడింగ్, వీకెండ్ వస్తే పాత సామాన్ల వేట.. మూడేళ్లుగా ఇదే నా పిచ్చి. కానీ నేను బాగు చేయించుకున్న వాటిలో అన్నింటికన్నా మంచివి ఈ చోట్ల దొరకలేదు. జగిత్యాల జిల్లా బీర్పూర్‌లో, మా అమ్మమ్మ ఇంట్లో, బియ్యం డ్రమ్ము వెనకాల ఉన్న చెక్క సందుగలో దొరికాయి. వాటిని కూడా పైసలిచ్చే కొన్నాను. సొంత ఇంట్లోవి కొనడమేంటి అనుకుంటున్నారా? అదే చెప్తా.

దుబాయ్ వీసాకో జత

జగిత్యాల నుంచి సారంగాపూర్ మీదుగా వెళ్తే బీర్పూర్ వస్తుంది. దారంతా వరి పొలాలు, మామిడి తోటలు, దూరంగా గుట్టలు. 2016 అక్టోబర్‌లో జగిత్యాల జిల్లా అయినప్పుడు బీర్పూర్ మండలం అయింది, అంతకుముందు సారంగాపూర్ మండలంలోని ఊరే. గుట్ట మీది లక్ష్మీనరసింహస్వామి, రోళ్లవాగు ప్రాజెక్టు.. బయటివాళ్లకు ఊరి పేరు తెలిసేది ఈ రెండింటితోనే. ఇంకాస్త ముందుకు పోతే కమ్మునూర్ దగ్గర గోదావరి. అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా.

ఇటు జగిత్యాల, కోరుట్ల, అటు సిరిసిల్ల.. ఈ మొత్తం పట్టీలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ దొరకడం కష్టం. మస్కట్ వెళ్లినా, రియాద్ వెళ్లినా ఊళ్లో మాత్రం ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. పాత నగలకూ దుబాయ్‌కీ ఏం సంబంధం అనుకోకండి, చాలా ఉంది. వీసాకు, టికెట్‌కు, ఏజెంటుకు కట్టే పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? ముందు వడ్డీకి తెస్తారు. అది చాలకపోతే ఇంట్లోని నగలు గిరివి పెడతారు. గిరివి అంటే కుదువ, తాకట్టు. కొన్ని విడిపించుకుంటారు, కొన్ని అక్కడే వడ్డీలో మునిగిపోతాయి. అన్నీ కలిసొచ్చి మనిషి నాలుగు పైసలతో తిరిగొస్తే కొత్త బంగారం కొంటారు, కొత్త డిజైన్లో. ఆ కొత్త గొలుసు పక్కన నాయనమ్మ కాలపు వెండి కడియాలు మోటుగా కనిపిస్తాయి. వాటినీ తీసుకెళ్లి షాపులో వేస్తారు. కష్టం వచ్చినప్పుడు ఒకసారి, కలిసొచ్చినప్పుడు ఇంకోసారి.. పాత వెండి ఇలా రెండు దారుల్లోనూ ఇల్లు దాటిపోయింది.

మా ఇంట్లోనూ అంతే. అమ్మమ్మకు వాళ్ల అత్త నుంచి మూడు జతల కడియాలు వచ్చాయట. ‘ఒగ జత బర్రెకు పోయింది. ఒగ జత మీ మామ దుబాయ్ వీసాకు పోయింది. ఇగ ఇవే మిగిలినయ్’ అని లెక్క చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో బాధేమీ లేదు. మనం ఎఫ్‌డీ ఎప్పుడు బ్రేక్ చేశామో చెప్పినట్టే చెప్పింది.

సందుగలో ఏమున్నాయంటే..

నిరుడు జాతరకు వెళ్లినప్పుడు సందుగ కిందికి దించాం. పాత చీరల కింద ఒక మూట. అందులో మూడు రకాలున్నాయి. ఒకటి, జత కాళ్ల కడియాలు. లావుగా, బరువుగా, నల్లబడి, అంచుల వెంట గీతల చెక్కుడు పనితో ఉన్నాయి. ఒకదానికి తెరిచి మూసే చోట ఉండాల్సిన మర శీల లేదు. ఇంకోదానికి పగులు, దాని మీద ఎవరో ఎప్పుడో పోసిన బూడిదరంగు అతుకు. రెండోది, సన్నటి వెండి తీగతో జల్లెడలా అల్లిన గెంటీలు. గెంటీలంటే చెవి కమ్మలు. అందులో ఒకదాని అల్లిక సగం ఊడిపోయింది. మూడోది, రూపాయి బిళ్లల దండ. నల్ల దారం చివికిపోయి బిళ్లలన్నీ విడిపోయి ఉన్నాయి. లెక్కపెడితే 11.

అమ్మమ్మ ఆ బిళ్లలను చాప మీద పరిచి రెండు కుప్పలు చేసింది. ‘ఇవి హాలీ. ఇవి కల్దార్.’ చదువు రాని మనిషి చూడగానే ఎలా విడదీసిందో నాకు అర్థం కాలేదు. తర్వాత లెన్స్ పెట్టి చూస్తే తెలిసింది. హాలీ అంటే నిజాం రూపాయి, చార్మినార్ బొమ్మ ఉంటుంది. కల్దార్ అంటే బ్రిటిష్ రూపాయి, రాణి బొమ్మో రాజు బొమ్మో ఉంటుంది. ఒకప్పుడు మన దగ్గర ఈ రెండూ చేతులు మారేవి. 7 హాలీ రూపాయలకు 6 ఇండియా రూపాయలు లెక్క. నిజాం నాణేన్ని పూర్తిగా రద్దు చేసింది 1959లో.

చార్మినార్ రూపాయి మీ ఇంట్లో ఉంటే ఒక పని చేయండి. మధ్య కమాను లోపల ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది, ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. మా ఆరు హాలీ బిళ్లల్లో రెండింటి మీద ‘మీమ్’, నాలుగింటి మీద ‘ఐన్’ ఉన్నాయి. ‘ఐన్’ ఉన్నవాటిలో ఒకదాని మీద 1337 అని తేదీ. అది హిజ్రీ సంవత్సరం. మన లెక్కలో 1918-19. మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజుల్లో హైదరాబాద్‌లో అచ్చయిన రూపాయి బీర్పూర్‌లో ఒక ఆడమనిషి మెడలోకి చేరిందన్నమాట.

చూడ్డానికి అన్నీ ఒకేలాంటి తెల్ల బిళ్లలే. లోపలి వెండి మాత్రం ఒకటి కాదు. ఆ కాలపు నిజాం రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే 9 గ్రాముల పైచిలుకు. విక్టోరియా, ఐదో జార్జి బొమ్మలున్న రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే దాదాపు 10.7 గ్రాములు. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి, 1940 నుంచి 1945 దాకా వేసిన రూపాయిలో సగమే వెండి పెట్టారు. 1947 రూపాయికి వచ్చేసరికి వెండే లేదు, అది నికెల్. మా కల్దార్ ఐదింట్లో మూడు 1944వి, సగం వెండివి. ఒకటి ఐదో జార్జిది. ఇంకొకటి 1862 విక్టోరియా రాణిది. ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. 1862 తేదీతోనే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు రూపాయలు అచ్చేశారు. కాబట్టి 1862 అని కనబడగానే అదే ఏడాదిది అనుకోకూడదు.

తూకం దగ్గర మొదలైన మాట

మా మామకు ఆ ఎండాకాలం బోరు వేయించాల్సి వచ్చింది. వెండి రేటు బాగా పెరిగిందని అందరూ అంటున్న రోజులు. సందుగలోని మూట సంగతి మామ అంతకుముందే జగిత్యాలలో ఒక షాపులో అడిగి వచ్చాడు. కడియాలు, గెంటీలు, బిళ్లలు అన్నీ కలిపి ఒకే తూకం, ఒకే రేటు. అందులోంచి తరుగు తీసేసి ఇస్తామన్నారట. కరిగించడానికి తీసుకునేవాళ్లకు చెక్కుడు పనితో పని లేదు, 1862తో పని లేదు.

నాకు అది మనసుకు పట్టలేదు. అలాగని ‘అమ్మొద్దు’ అనే హక్కు నాకెక్కడిది? నెల నెలా జీతం వచ్చేదాన్ని, ఏసీ ఆఫీసులో కూర్చుని పాత నగల అందం గురించి మాట్లాడడం తేలిక. నీళ్లు లేక పొలం ఎండిపోయే మనిషికి ఆ మాట చెప్పలేం కదా. అమ్మమ్మనే అడిగాను, నీకేం అనిపిస్తోందని.

‘ఎండి ఎందుకు చేపిచ్చుకుంటరు బిడ్డా? ఆపతికే. తొడుక్కున్నన్ని దినాలు తొడుక్కున్నం. ఆపతి వచ్చినప్పుడు అమ్ముకుంటం. దాసిపెట్టి పూజ జేస్తమా?’

ఈ మాటతో నా ఆలోచన మారింది. మనం పాత నగలంటే వారసత్వం, జ్ఞాపకం అనుకుంటాం. అవి చేయించుకున్నవాళ్లకు మాత్రం అవి బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్ అన్నీ. కాళ్లకు తొడుక్కుని తిరిగే పొదుపు. అమ్మేయడం ఆ నగకు జరిగే అన్యాయం కాదు. అది చేయించినప్పుడే అనుకున్న పని. అలా చూస్తే మామది న్యాయమే. నాకు పోతుందనిపించింది వెండి కాదు, దాని మీది చేతిపని. ఆ పనికి షాపు తూకంలో విలువ లేదు. దానికి విలువ కట్టాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే పైసలు పెట్టాలి.

అందుకే షాపు ఇస్తానన్న రేటుకు నేనే కొంటానన్నాను. మామ నొచ్చుకున్నాడు. ‘నీ దగ్గర పైసలు తీసుకుంటనా బిడ్డా? మంది ఏమనుకుంటరు?’ అన్నాడు. అమ్మమ్మే అడ్డం పడింది. ‘ఇయ్యనియ్యి. ఉత్తగ ఇస్తే రేపు ఇంకొగలు అడుగుతరు, మాకెందుకు ఇయ్యలేదని. కొనుక్కున్నదైతే పిల్లదే.’ నిజమే, నాకు ఏడుగురు కజిన్స్. ఉత్తగా తెచ్చుకున్న నగ మీద ఏ పెళ్లిలోనైనా మాట రావచ్చు. తూకం వేయించి, కాగితం రాయించి, మామకు ఫోన్‌లో పైసలు పంపాను. పాత నగలు కొనేటప్పుడు బిల్లు తీసుకోవాలన్న పాఠం అమ్మమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

తూకంలో ఇంకో సంగతి బయటపడింది. అమ్మమ్మ లెక్కలో ఆ కడియాల జత 30 తులాలు. మిషన్ మీద పెడితే 344 గ్రాములు. ఇప్పటి తులం అంటే 10 గ్రాములు కాబట్టి 34 తులాల పైనే. మామ ‘అమ్మకు యాది లేదు’ అన్నాడు. కానీ అమ్మమ్మ తులం వేరు. పాత తులం 11.66 గ్రాములు, 96 గురిగింజల ఎత్తు. దాని ప్రకారం 30 తులాలంటే 349.8 గ్రాములు. అంటే అమ్మమ్మ చెప్పింది కరెక్టే. తక్కువొచ్చిన ఆ ఆరు గ్రాములు ఎటు పోయాయి? రెండు తరాల ఆడవాళ్లు పొలం గట్ల మీద, వాకిట్లో, జాతరలో నడిచి నడిచి అరగదీసినవే అయి ఉంటాయి.

అవుసలి తాత దగ్గర

బాగు చేయించడానికి జగిత్యాల పాత బస్తీలో ఒక అవుసలి తాత దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న గది, ఒక దాగలి, పటకార్లు, ఆకురాళ్లు, మూలకు వాడకం తగ్గిన కుంపటి. ఊదుగొట్టం పోయి గ్యాస్ టార్చ్ వచ్చింది. కొత్త నగలకు ఆయన దగ్గరికి ఎవరూ రారు, షోరూమ్‌లకే పోతారు. అతుకులు, కొక్కేలు, మెట్టెల సైజు మార్చడం.. ఆయనకు దొరికే పని ఇదే.

తాత ముందు ఏదీ ముట్టుకోలేదు. కడియం చేతిలో తిప్పి తిప్పి చూశారు. గీటురాయి మీద ఒక గీత గీశారు. నేను అప్పటికే ప్రతి వస్తువుకూ నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, బరువు రాసి పెట్టుకున్నాను. ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాసిన పాత కోడ్‌ను మార్చాలంటే ముందు బ్యాకప్ తీసి, ఏ లైన్ ఎందుకు ఉందో చదువుకుంటాం. ఇక్కడా అదే పద్ధతి అనిపించింది.

పగులు మీది బూడిదరంగు అతుకు చూసి తాత తల అడ్డంగా ఊపారు. ‘సీసం పోసిండ్రు. దీని మీద మంట పెడితే ఎండిని తింటది.’ వెండి కరగాలంటే 960 డిగ్రీలు దాటాలి. సీసం 330 డిగ్రీల లోపే కరిగిపోతుంది. సీసం అతుకును అలాగే ఉంచి వేడి చేస్తే, అది వెండిలోకి దిగి గుంటలు పడేలా చేస్తుంది. అందుకని ముందు ఆ సీసమంతా గీకి తీసేశారు. దానికే సగం రోజు పట్టింది. తర్వాత పగులు అంచులు శుభ్రం చేసి, వెలిగారం రాసి, వెండి టంకం ముక్కలు పెట్టి టార్చ్ చూపించారు. టంకం వెండి కన్నా ముందే కరిగి సందులోకి నీళ్లలా పాకింది. ఆ క్షణం దాటి ఇంకాస్త మంట చూపిస్తే చెక్కుడు పని కరిగిపోతుంది. ఆగాల్సింది ఎక్కడో ఆయన కళ్లకు తెలుసు. తర్వాత చింతపండు నీళ్లలో ఉడికించారు. మంటకు పట్టిన మసి, వెలిగారం గాజుపొర వదిలిపోయాయి.

మర శీల కొత్తగా చేశారు, పక్క కడియానికి ఉన్నదాన్ని చూసి. పాలిష్ మిషన్ మీద పెట్టిద్దామా అని అడిగితే ఒప్పుకోలేదు. ‘మిషన్ల పెడితే గీతలన్ని సాపయితయి బిడ్డా. గీతల్ల నలుపు ఉంటెనే పని కనవడ్తది.’ గుడ్డతో, కుంకుడు నురగతో పైపైన మాత్రం రుద్దారు. పైన తెలుపు, గాడుల్లో నలుపు. ఇంట్లో మూటలో చూసినప్పుడు గీతలనుకున్నవి నిజానికి మొగ్గల వరుసలు.

మజూరీ 1,800 అన్నారు. నేను ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు, ‘మల్ల పని ఉంటే తీస్కరా’ అన్నారు. కొడుకేం చేస్తాడని అడిగాను. దుబాయ్‌లో ఉన్నాడట. నగల పని కాదు, డ్రైవర్ పని.

తీగ పని కోసం కరీంనగర్‌కు

గెంటీలను మాత్రం తాత ముట్టుకోలేదు. ‘ఇది తీగ పని. కరీంనగరం పో’ అన్నారు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పేరు మీరు వినే ఉంటారు. ఎలగందులలో వేళ్లూనుకుని కరీంనగర్‌కు చేరిన పని ఇది. 2007లో జీఐ గుర్తింపు వచ్చింది. పన్నీరుబుడ్లు, తాంబూలం పళ్లేలు, నగల పెట్టెలు.. సన్మాన సభల్లో చూసే ఆ తెల్లటి జాలీ వస్తువులన్నీ అవే.

పని చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. శుద్ధమైన వెండిని కరిగించి కడ్డీ చేస్తారు. దాన్ని వరుసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఇనప పలకలోంచి లాగుతారు. ఆ పలక పేరు కమ్మచ్చు. ఒక్కో రంధ్రం దాటేకొద్దీ తీగ సన్నబడుతుంది, చివరికి వెంట్రుకలా అవుతుంది. రెండు తీగలు కలిపి పురి పెట్టి నొక్కితే అంచుకు సన్నటి ముత్యాల వరుస పెట్టినట్టు వస్తుంది. కాస్త మందం తీగతో ఆకులా, పువ్వులా చట్రం చేసి, అందులో ఈ సన్న తీగను చుట్టలు చుట్టి కూరుస్తారు. పైన టంకం పొడి, వెలిగారం చల్లి వేడి చేస్తే అన్నీ ఒకటవుతాయి. వెండిలో రాగి ఎక్కువ కలిస్తే తీగ బిరుసవుతుంది, ఇంత సన్నగా వంగదు. అందుకే ఈ పనికి మంచి వెండే కావాలి.

నా గెంటీలు చూసిన కళాకారుడు ఊడిపోయిన సగాన్ని కొత్త తీగతో నింపి ఇచ్చారు. పాత చుట్ట కుడివైపుకు తిరిగి ఉంటే కొత్తదీ అలాగే తిప్పారు. దగ్గరగా చూస్తే కొత్త తీగ కాస్త తెల్లగా తెలుస్తుంది. నాలుగేళ్లు వాడితే కలిసిపోతుందన్నారు. తెలియకుండా కలిపేయమని నేనూ అడగలేదు. ఎక్కడ బాగు చేశారో తెలిస్తేనే మంచిది, రేపు ఇంకెవరైనా విప్పాల్సి వస్తే పనికొస్తుంది.

ఇంట్లో చేయగలిగినవి, చేయకూడనివి

వెండి నల్లబడడం అంటే తుప్పు కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర అవుతుంది, అంతే. రోజువారీ పట్టగొలుసులకు కుంకుడుకాయ నురగ, మెత్తటి బ్రష్ చాలు. కడిగాక తడి లేకుండా తుడవాలి.

రీల్స్‌లో ఒక చిట్కా బాగా తిరుగుతుంది. అల్యూమినియం ఫాయిల్, వేడి నీళ్లు, సోడా. అది పని చేస్తుంది. గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుని వెండి తెల్లబడుతుంది. కానీ గాడుల్లోని నలుపు కూడా పోతుంది. పాత చెక్కుడు నగ కొత్త అచ్చు నగలా బోసిగా కనబడుతుంది. లోపల లక్క నింపిన గుండ్లు, కుందన్ నగలను అయితే వేడి నీళ్లలో అసలు పెట్టకూడదు. లక్క మెత్తబడి రాళ్లు కదిలిపోతాయి. ముత్యాలు చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు తగిలితే పాడవుతాయి. వాటిని తడి గుడ్డతో తుడిస్తే చాలు.

నాణేలను రుద్దనే రుద్దకండి. సేకరించేవాళ్లు మెరుపు చూసి కొనరు, ముద్ర చెక్కుచెదరకుండా ఉందా అని చూస్తారు. మా బిళ్లలకు కొక్కేలు అతికించి ఉన్నాయి కాబట్టి నాణేలుగా వాటి విలువ అప్పుడే తగ్గిపోయింది. దండగా మాత్రం అవి పూర్తి నగ. అందుకే కొక్కేలు తీయించకుండా కొత్త నల్ల దారంలో గుచ్చించాను. దాచేటప్పుడు పొడి నూలు గుడ్డలో చుట్టండి. రబ్బర్ బ్యాండు వేయకండి, రబ్బరులో ఉండే గంధకమే వెండికి శత్రువు.

గోదావరి ఒడ్డు రూపాయి కథ ఇంకా పాతది

బీర్పూర్ పక్క నుంచి పారే గోదావరి వెంట కిందికి పోతే ధర్మపురి, ఆ తర్వాత కోటిలింగాల వస్తాయి. నా బిళ్లల దండ వయసు నూట యాభై ఏళ్లు దాటదు. కోటిలింగాల మట్టిలో బయటపడ్డ నాణేలు రెండు వేల ఏళ్ల కిందటివి. సంగనభట్ల నరహరి శర్మ అక్కడ దొరికిన నాణేలను సేకరించి దాచారు. వాటిని శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. శాతవాహనుల తొలి రాజు శిముకుడి పేరు, అంతకుముందరి గోభద, సమగోప లాంటి రాజుల పేర్లు వాటి మీద ఉన్నాయి. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. అవే నాణేలు ఆ రోజు ఏ కంచరి కొలిమికో పోయి ఉంటే? తూకానికి గుప్పెడు లోహం. తెలంగాణ చరిత్రలో ఒక అధ్యాయం మాత్రం లేకుండా పోయేది.

అందుకే నగల వేటకు దిగేవాళ్లకు చట్టం కూడా తెలియాలి. భూమిలో దాగి ఉండి దొరికిన 10 రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏదైనా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి. పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా అమ్మజూపితే దూరంగా ఉండండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులను, నాణేలను మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి. అమెరికాలో ఉన్న ఫ్రెండ్‌కు పాత రూపాయల దండ కొరియర్ చేయడం సరదా పని కాదన్నమాట.

సెకండ్ హ్యాండ్ నగ ఎక్కడ కొన్నా బిల్లు అడగండి, అమ్మినవాళ్ల వివరాలు రాయించుకోండి. దొంగ సొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బంగారమైతే బీఐఎస్ హాల్‌మార్క్, దాని పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉందేమో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే వివరాలొస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులు ఈ కోడ్ ఉన్న హాల్‌మార్క్ బంగారు నగలే అమ్మాలి. పాత నగల మీద కోడ్ ఉండదు, అంతమాత్రాన అవి నకిలీ కావు. హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్తే కొద్దిపాటి ఫీజుకు స్వచ్ఛత చూసి చెప్తారు.

ఇప్పుడు ఎవరు తొడుక్కుంటారు?

గెంటీలు వారానికి రెండు రోజులు ఆఫీసుకు పెట్టుకుంటాను. దండ మొన్న బతుకమ్మకు వేసుకున్నాను. కడియాలు మాత్రం ఒక్కోటి 172 గ్రాములు. మొదటిసారి తొడుక్కున్నప్పుడు పది అడుగులు వేసేసరికి నడక మారిపోయింది, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి మెల్లగా నడవాల్సి వచ్చింది. అమ్మమ్మ నవ్వి ‘లోపల పాత గుడ్డ పేలిక సుట్టుకోవాలె, లేకుంటే మడమ కొట్టుకపోతది’ అని చెప్పింది. ఏ మ్యూజియం బోర్డు మీదా నేను ఈ మాట చదవలేదు. ఆమెతో మాట్లాడుతూ ఫోన్‌లో రికార్డ్ పెట్టాను. ఏ నగ ఎప్పుడు చేయించారు, ఎవరు చేశారు, ఎన్ని తులాలు, ఎప్పుడు గిరివి పెట్టారు, ఎప్పుడు విడిపించారు. గంటన్నర వచ్చింది. పోయిన రెండు జతల కడియాలు ఎలా ఉండేవో కూడా చెప్పింది. ఒకదానికి కొసలకు మొసలి మూతులు ఉండేవట. కరిగిపోయిన ఆ జత ఇప్పుడు ఆ రికార్డింగ్‌లోనే ఉంది.

మామ బోరులో ఇంచున్నర నీళ్లు పడ్డాయి. పెద్దగా చాలవు, కానీ మడి తడుస్తుంది. ఆయన మనసులో ఏముందో తెలియదు కానీ, పోయిన నెల ఫోన్ చేసి, కోరుట్లలో తన చుట్టం ఒకరు వెండి వడ్డాణం కరిగించడానికి తీసుకెళ్తుంటే ఆపి, ‘మా పిల్లకు ఒకసారి చూపిద్దాం, తీసుకుంటే అదే రేటుకు తీసుకుంటది’ అన్నాడట. నేను చూశాను, నా తాహతుకు మించింది. ఫొటోలు తీసి, బరువు రాసుకుని, వడ్డాణం పట్టీ మీది పని ఏమిటో అవుసలి తాతను అడిగి చెప్పాను. ఆ ఇంటివాళ్లు ఇంకా అమ్మలేదు, అమ్మరని కూడా చెప్పలేను. వాళ్ల అమ్మాయి పెళ్లి ఫాల్గుణంలో ఉంది.

ఈసారి పండక్కి ఊరెళ్తే మీ ఇంటి సందుగ కూడా దించి చూడండి. అమ్మాలా ఉంచాలా అన్నది మీ ఇంటి అవసరం చెప్తుంది, దానికి నేనెవరిని? అమ్మేదైనా సరే, తక్కెడలో వేసే ముందు ఒక ఫొటో తీయండి. దాని పేరేంటో, ఎవరు తొడుక్కునేవారో మీ అమ్మమ్మను అడగండి. ఫోన్ మీ చేతిలోనే ఉంది కదా.